ఇంటికొక భుజం

గిరిబాబు గోవిందరావు గుమ్మం బయటే ఆగిపోయాడు. చావు ఇంటి నుంచి వచ్చినవాడు మరో ఇంటి గడప దాటకూడదని వాడికి ఎవరూ చెప్పనక్కర్లేదు. అప్పటికి ఆరు కాలేదు. ఝపటాపూర్ సందులోకి పాలవాడి సైకిలు ఇంకా రాలేదు. గోవిందరావు మాత్రం ముఖం కడుక్కుని, తెల్ల పంచె కట్టి, తుండు భుజాన వేసుకుని కుర్చీలో కూర్చుని ఉన్నాడు. నాలుగిళ్ళ అవతల ఏడుపు మొదలై గంట దాటింది.

"అమ్మ పోయింది మావయ్యా."

"ఇన్నాను. నడు. ముందు రత్నానికి కబురెట్టాల. ఏడుకి సైరను కొడితే మనోళ్ళంతా వర్క్‌షాపులోకి ఎళ్ళిపోతారు. మళ్ళీ సాయంత్రం దాకా ఒక్కడూ దొరకడు."

గిరిబాబు కదల్లేదు. నలభై ఏళ్ళవాడు, చొక్కా గుండీ తిప్పుకుంటూ నిలబడ్డాడు.

"ఏట్రా? ఏటయింది?"

"నువ్వు రావొచ్చు మావయ్యా. పాడె మాత్రం పట్టొద్దు. అమ్మ సెప్పింది. మూడు రోజుల కిందట నాన్న సేత ఒట్టేయించుకుంది."

గోవిందరావు లేవబోయినవాడు మళ్ళీ కూర్చున్నాడు.

"ఏటంది? ఉన్నదున్నట్టు సెప్పు."

"గోవిందన్నయ్య భుజం నాకొద్దు అంది. నాతో ఇంకేటీ అనలేదు."

"సరే. ఎళ్ళు."

"కోపం తెచ్చుకోకు మావయ్యా..."

"ఎళ్ళమన్నాను గదా."

వాడు వెళ్ళిపోయాడు. గోవిందరావు తుండు భుజం మీద నుంచి తీసి, నాలుగు మడతలు పెట్టి ఒళ్ళో ఉంచుకున్నాడు. అరవై ఏడేళ్ళ బతుకులో అతన్ని ఎవరూ ఇంత మాట అనలేదు. పెళ్ళికి పిలవకపోతే పట్టించుకునేవాడు కాదు. చావుకి వద్దనడం వేరు. అందులోనూ శవం వద్దనడం.

బెంగాల్లోని ఈ ఖరగ్‌పూర్ తెలుగు సంఘానికి రాసిపెట్టిన నియమాలు చాలా ఉన్నాయి. వాటిని ఎవరూ పాటించరు. పాటించేది రాయని నియమం ఒక్కటే: ఇంటికొక భుజం. తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే వర్క్‌షాపు పనికి వచ్చినవాళ్ళకి ఇక్కడ చుట్టం లేడు, పక్కం లేడు. మనిషి పోతే మోసే దిక్కు లేదు. అందుకని పెట్టుకున్నారు. సంఘంలో ఎవరింట్లో చావు జరిగినా ప్రతి ఇంటి నుంచీ ఒక మగవాడు రావాలి. పిలుపు ఉండదు, కబురే. ఒంట్లో బాగోలేదనీ, మాటలు లేవనీ సాకు చెప్పకూడదు. ఆ కబురు పెట్టే పని ముప్పై ఏళ్ళుగా గోవిందరావుది. వర్క్‌షాపులోని చక్రాల షాపులో పని చేసినన్నాళ్ళూ చేశాడు, రిటైరయ్యాకా చేస్తున్నాడు. అతను రత్నానికి చెబుతాడు. రత్నం సైకిలెక్కి అన్ని ఇళ్ళకీ తిరుగుతాడు. ఒకప్పుడు నలభై ఇళ్ళు. ఇప్పుడు ఇరవై రెండు.

ఆ నియమం ఒక్కసారి తప్పింది. ఐదేళ్ళ కిందట, వేసవిలో, ఊరంతా ముక్కులకీ మూతులకీ గుడ్డలు కట్టుకుని తలుపులేసుకున్న రోజుల్లో. గోవిందరావు భార్య సత్యవాణి ఆరు రోజుల జ్వరంతో ఇంట్లోనే పోయింది. జబ్బు అదేనో కాదో ఎవరూ తేల్చలేదు. పొద్దున్న పదింటికి గోవిందరావు రత్నానికి ఫోన్ చేశాడు. ప్రతి చావుకీ చెప్పినట్టే చెప్పాడు. రెండింటి దాకా గేటు పట్టుకుని నిలబడ్డాడు. ఎదురింట్లో కర్టెను కదిలింది. అంతే, ఇంకేమీ కదల్లేదు. నలభై ఏళ్ళుగా బావా బావా అని పిలుచుకున్న బుచ్చిబాబు, గిరిబాబు తండ్రి, నాలుగిళ్ళ అవతలే ఉన్నాడు. గూడ్సు గార్డుగా రిటైరైనవాడు, ఎన్ని పట్టాలు తప్పిన బండ్ల పక్కన నిలబడ్డాడో. ఈ నాలుగిళ్ళు దాటలేదు. చివరికి ప్లాస్టిక్ తొడుగుల్లో ఇద్దరు వచ్చి, సత్యవాణిని సంచీలో మూట కట్టి బండెక్కించారు. గోవిందరావు డ్రైవరు పక్కన కూర్చుని వెళ్ళాడు. శ్మశానంలో దగ్గరికి వెళ్ళనివ్వలేదు. పొగ చూసి వచ్చాడు.

నాలుగు నెలల తరువాత సంఘంలోనే పైడిరాజు అనేవాడి తండ్రి పోయాడు. గోవిందరావు రాడనే అందరూ అనుకున్నారు. అందరికంటే ముందు వచ్చింది అతనే. రత్నానికి కబురు పెట్టి, వెదురు తెప్పించి, పాడె కట్టించి, ముందు కుడి కొమ్ము భుజానికెత్తుకున్నాడు. ఒక్క మాట మాట్లాడలేదు. అక్కడ ఎవరింట్లోనూ మంచినీళ్ళు ముట్టలేదు. స్నానం చేసి ఇంటికి వచ్చేశాడు. అప్పటి నుంచి ఐదేళ్ళలో పదకొండు చావులు. పదకొండింటికీ అదే భుజం, అదే కొమ్ము, అదే మౌనం. అతని పక్కన నడిచేవాళ్ళు తలలు వంచుకుని నడిచేవారు.

చిన్నప్పుడు ఊళ్ళో బడి పంతులు ఒక మాట చెప్పేవాడు. ఎదుటివాడు చేశాడా లేదా అని చూడకుండా నీ వంతు నువ్వు చెయ్యి, దాన్నే ధర్మం అంటారు, మిగతాదంతా బేరం. ఆ బడిలో గోవిందరావు చదివింది ఐదో తరగతి దాకానే. ఆ ఒక్క మాట మాత్రం తీసుకుని వచ్చాడు. వాళ్ళు రాలేదు. తను వెళ్తున్నాడు. వాళ్ళకీ తనకీ తేడా అదే అనుకున్నాడు.

ఇప్పుడు బుచ్చిబాబు భార్య శ్యామల వద్దంది.

గోడ గడియారం ఆరున్నర చూపించింది. రత్నం ఇల్లు రెండు సందుల అవతల. ఫోన్ బల్ల మీదే ఉంది. గిరిబాబు పాడె పట్టొద్దన్నాడు గానీ కబురు పెట్టొద్దనలేదు. కబురు ఇంకెవరూ పెట్టరనీ, ఆ పని ఎవరికీ అలవాటు లేదనీ గోవిందరావుకి తెలుసు. సైరను కొట్టేస్తే ఏమవుతుందో కూడా తెలుసు. ఫోన్ వైపు చూశాడు. టీ పెట్టుకుని తాగాడు. గ్లాసు కడిగి బోర్లించాడు.

ఏడింటికి సైరను మోగింది. సందులో సైకిళ్ళు, స్కూటర్లు వర్క్‌షాపు వైపు వెళ్ళిన చప్పుడు తగ్గేదాకా విన్నాడు. తన భుజం వద్దన్నారు గదా, చూద్దాం ఎవరి భుజం వస్తుందో.

ఎనిమిదిన్నరకి నూకాలమ్మ వచ్చింది. సంఘంలో ఆడవాళ్ళు పోతే నీళ్ళు పోసేది ఆవిడే. డెబ్బై ఐదేళ్ళు. శ్యామలకి స్నానం చేయించి, పసుపు రాసి, చీర కట్టి, తడి బట్టలతోనే గేటు దగ్గరికి వచ్చి నిలబడింది.

"కూకున్నావా తమ్ముడా? కూకో, కూకో. సల్లగా ఉంది గదా నీడ."

"ఏటి కావాల?"

"నాకేటి కావాల? నీ కిటికీ ఏపు సూసి పోదామని వచ్చినాను. శవం ఎళ్ళేటప్పుడు బాగా కనిపిస్తదో లేదోనని."

"పని సూసుకో నూకప్పా."

"అయింది నా పని. మీ మగోళ్ళ పనే కాలేదు. ముగ్గురున్నారు. తెల్లారకముందే నైటు డ్యూటీ దిగిన రత్నం, సెలవులో ఉన్న పైడిరాజు, ఊరవతల సాలువా నుంచి మోటారు సైకిలు మీద వచ్చిన వినోదు. అదే, శ్యామల చెల్లి కొడుకు. గిరిగాడు నిప్పు కుండ పట్టాల, ఆడు పాడె ముట్టకూడదు. బుచ్చిబాబుకి మోకాళ్ళు లేవు. మిగతా ముసిలోళ్ళు కర్రలేసుకుని అరుగు మీద కూకున్నారు. నాలుగో కొమ్ముకి మనిషి లేడు."

"రత్నం తిరగలేదేటి?"

"ఎవుడు సెప్పినాడు రత్నానికి? కబురు నువ్వు పెట్టేస్తావని గిరి అనుకున్నాడు. నీకు వద్దన్నారు గదా, ఇంకెవరినో తిప్పుంటారని రత్నం అనుకున్నాడు. అందరూ అనుకున్నారు. ఈలోగా కుయ్‌మని సైరను కొట్టేసినాది." ఆవిడ చీర కొంగు పిండుకుంది. "నువ్వేటి అనుకున్నావు?"

గోవిందరావు కుర్చీ నీడలోకి ఇంకాస్త జరుపుకున్నాడు. ఆవిడ ఆగలేదు.

"క్లబ్బు నడిపే బెంగాలీ అన్నలు, ఆ దాదాలు, శవాల గాజు బండి తెస్తామన్నారు. అదీ కుదరదంట. బండెక్కించొద్దని కూడా ఒట్టేయించుకుంది. సత్యవాణిని ఆ బండిలోకి తోసినప్పుడు గేటు దగ్గర నిలబడి సూసినాది గదా. అప్పట్నించీ దానికి బండంటే భయం."

"నిలబడి సూసిందా? గేటు తీసుకుని రాలేకపోయిందేటి?"

"మొగుడు సెయ్యి పట్టుకున్నాడు. నన్ను నా కోడలు లోపలెట్టి గడేసినాది. నిజం సెప్పాలంటే నానూ తలుపు బాదలేదు. రాలేదు తమ్ముడా. సావుకి భయపడి రాలేదు. దానికింక వేరే మాట లేదు."

ఐదేళ్ళలో ఆ మాట అన్న మనిషి లేడు. గవర్నమెంటు రూలన్నారు, పోలీసులన్నారు, పిల్లలున్నారన్నారు. భయపడి రాలేదని ఎవరూ అనలేదు. గోవిందరావుకి కోపం రావాల్సింది. రాలేదు.

"అయితే నా భుజం ఎందుకొద్దంది? నేను తప్పింది ఏటుంది? పదకొండు మందిని మోసినాను."

"అదే అంది." నూకాలమ్మ గేటు పట్టుకుంది. "నిన్న సాయంత్రం పక్కన కూకోబెట్టుకుని అంది. 'పదకొండు మందిని మోసినాడు నూకప్పా, ఒక్కరినీ దించలేదు. నన్నూ ఎత్తుకుంటాడు, దించడు. నాను ఎన్నాళ్ళని ఆయన భుజం మీద ఉండాల?' అంది."

ఆవిడ వెళ్ళిపోయింది. తడి కాళ్ళ గుర్తులు సందులో కొంత దూరం కనిపించాయి.

శ్యామల అన్నది అబద్ధమని గోవిందరావు తనకి తను చెప్పుకోవాలని చూశాడు. మొయ్యడం మొయ్యడమే. భుజం మీద బరువు పడితే చాలు, మనసులో ఏముందో శవానికి ఎందుకు? ఎదుటివాడు చేశాడా లేదా అని చూడకుండా చెయ్యమన్నాడు పంతులు. కానీ తను చూశాడు. ప్రతిసారీ చూశాడు. పైడిరాజు తండ్రిని మోసేటప్పుడు పైడిరాజు మెడ ఎంత వంగిందో చూశాడు. రత్నం భార్యని మోసిన రోజు రత్నం నిప్పు కుండ పట్టుకుని తన వైపు తిరగలేకపోవడం చూశాడు. ఆ రోజుల్లోనే రాత్రి నిద్ర పట్టేది. మిగతా రోజుల్లో పట్టేది కాదు. వాళ్ళు రానందుకు పడ్డ బాకీని తను పదకొండు సార్లు వసూలు చేసుకున్నాడు. అదీ బేరమే.

ఇవాళ ఫోన్ బల్ల మీద ఉండగా టీ తాగాడు.

తొమ్మిదిన్నరకి బుచ్చిబాబు వచ్చాడు. కర్ర ఊతతో ఆ నాలుగిళ్ళు దాటడానికి ఐదు నిమిషాలు పట్టింది. గేటు బయట ఆగాడు. గడ్డం మాసి ఉంది. చొక్కా తిరగేసి తొడుక్కున్నాడు, చూసుకోలేదు.

"బావా, లే."

"ఎందుకు?"

"నాలుగో మనిషి లేడు. ఎండెక్కిపోతంది. లే, వచ్చి పట్టు."

"ఒట్టేసినావంట."

"ఏసినాను. ఒట్టు నాది, పాపం నాది. నువ్వు లే."

గోవిందరావు అతని వంక చూశాడు. ఐదేళ్ళుగా కోరుకున్నది ఇదే. ఈ మనిషి తన గేటు దగ్గర నిలబడి, నోరు తెరిచి అడగాలి. అప్పుడు తను గేటు తియ్యకుండా కూర్చోవాలి. ఎన్నో రకాలుగా ఊహించుకున్నాడు. అన్ని ఊహల్లోనూ బుచ్చిబాబు ఇంకా పొడుగ్గా, ఇంకా గట్టిగా ఉండేవాడు.

"కాళ్ళ మీద పడమంటే పడతావా?"

బుచ్చిబాబు కర్ర చెయ్యి మార్చుకుని కిందకి చూశాడు. "పడతాను గానీ బావా, పడితే లెగలేను. మోకాళ్ళు. మళ్ళీ నువ్వే లేపాల."

గోవిందరావుకి నవ్వు రాలేదు. కానీ పగ తీరుతుందని నోటిలో ఇప్పటిదాకా ఉన్న తీపి పోయింది. ఒక్క గుక్కకి కూడా సరిపోలేదది. ఇంత చిన్నదానికా ఐదేళ్ళు మోశాను అనిపించింది. లేచి నిలబడ్డాడు. నడుము పట్టింది.

"నేను పట్టను."

"బావా..."

"ఆగు. ఆమె వద్దంది. బతికున్నోళ్ళ మాట బతిమాలుకుంటే మారతది. సచ్చినామె మాట ఎవడు మారుస్తాడు? నువ్వు మార్చలేవు, నేనూ మార్చలేను. నాలుగో మనిషిని నేను తెస్తాను. ఎళ్ళి పాడె కట్టించు."

"ఎక్కడినుంచి తెస్తావు? అందరూ షాపులో ఉన్నారు."

"ఎళ్ళమన్నాను."

చెప్పులు తొడుక్కునేటప్పుడు అతనికి తెలుసు, తట్టాల్సిన తలుపు ఒక్కటే ఉంది. పక్కిల్లు. రాబిన్‌ది.

రాబిన్ వాళ్ళు కిరస్తానీలు. తెలుగువాళ్ళే, వాళ్ళ తాత కూడా వర్క్‌షాపు మనిషే. కానీ వాళ్ళ చావులు చర్చివి, సంఘానివి కావు. ఇంటికొక భుజం వాళ్ళ గడప దగ్గర ఆగిపోతుంది. రాబిన్ తల్లి అన్నమ్మ రెండేళ్ళ కిందట పోయింది. శవపేటిక ఈ సందులోంచే వెళ్ళింది. గోవిందరావు కిటికీ దగ్గర నిలబడి చూశాడు. తనకి కబురు లేదు, తన నియమంలో లేదు, వెళ్ళలేదు.

సత్యవాణి పోయాక పద్నాలుగు రోజులు అతన్ని ఇంట్లోంచి కదలొద్దన్నారు. ఆ పద్నాలుగు రోజులూ మధ్య గోడ మీద మూత పెట్టిన గిన్నె ఉండేది. గోడ అవతల నుంచి అన్నమ్మ "తిన్నావా బాబూ?" అని ఒక్క మాట అనేది. గిన్నె కడిగి మళ్ళీ గోడ మీద పెట్టేవాడు. తిన్నానని చెప్పిన గుర్తు లేదు.

రాబిన్ మలంచా రోడ్డులో ఆటోల రిపేరు షాపు నడుపుతాడు. పదింటికి గాని వెళ్ళడు. తలుపు తీసి, గోవిందరావుని చూసి, పళ్ళు తోముతున్న బ్రష్షు నోట్లోంచి తీశాడు. ఆరడుగుల మనిషి.

"ఏటి అంకుల్? గ్యాస్ అయిపోయిందేటి?"

"బుచ్చిబాబు భార్య పోయింది."

"ఇన్నాను. పొద్దున్న ఎళ్ళి వచ్చినాను కూడా."

"పాడెకి ఒక మనిషి తక్కువ. నువ్వు రావాల."

రాబిన్ వెనక్కి వెళ్ళి నోరు పుక్కిలించి వచ్చాడు. ముఖం మారిపోయింది.

"మా అమ్మ పెట్టెని మోసినప్పుడు నువ్వెక్కడున్నావు అంకుల్?"

"ఇంట్లోనే ఉన్నాను."

"సూసినాను. కిటికీలో నిలబడ్డావు. నేను పెట్టె మోస్తూ సూసినాను. ఈ సందులోంచి ఒక్కడు రాలేదు. బెంగాలీ దాదాలు వచ్చినారు, మీ సంఘం రాలేదు. మా పెట్టెకి పనికిరాని భుజాలు, ఇప్పుడు మీ పాడెకి నా భుజం కావాలా?"

"కావాల."

"ఎందుకు రావాల? ఒక్కటి సెప్పు."

గోవిందరావు వెతికాడు. పక్కింటివాళ్ళమని చెప్పొచ్చు. పుణ్యమని చెప్పొచ్చు. రేపు మేమూ వస్తామని చెప్పొచ్చు. అన్నీ బేరాలే.

"సెప్పడానికేటీ లేదు. నువ్వు రానక్కర్లేదు. రాకపోతే నీ తప్పు కూడా లేదు." గొంతు సవరించుకున్నాడు. "పొద్దున్న సైరను ముందు కబురు పెట్టాల్సింది నేను. ఫోన్ ముందరే ఉంది. పెట్టలేదు. కావాలనే పెట్టలేదు. మనిషి తక్కువ పడింది అందుకే. నేను పట్టడానికి లేదు, ఆమె వద్దని పోయింది. అడగడానికి వచ్చినాను. అంతే."

రాబిన్ అతని వంక విచిత్రంగా చూశాడు. తిడితే తిట్టొచ్చు అన్నట్టు గోవిందరావు నిలబడ్డాడు. వంటింట్లో కుక్కరు రెండు విజిల్స్ వేసింది. రాబిన్ భార్య ఎవరని అడిగితే, "పక్కింటి అంకుల్" అన్నాడు రాబిన్. తరువాత చాలా విసుగ్గా, "తెల్ల చొక్కా ఏసుకోవాలేటి?" అని అడిగాడు.

"ఉంటే ఏసుకో."

"ఆదివారానిది ఉంది. పాడైతే మా ఆవిడ నిన్నంటది, నన్ను కాదు. ఠీక్ హై?"

"అననీ."

పాడె లేచేసరికి పదకొండయింది. ముందు గిరిబాబు నిప్పు కుండ పట్టుకుని నడిచాడు. పక్కన కర్రతో బుచ్చిబాబు. ముందు కొమ్ములు రత్నం, పైడిరాజు పట్టారు. వెనక వినోదు, రాబిన్. గోవిందరావు అందరికంటే వెనక నడిచాడు. పాడె వెనక నడవడం అతనికి అలవాటు లేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పాడె ముందు కొమ్ము దగ్గర ఉన్నవాడికి శవం కనిపించదు. వెనక నడిచేవాడికి పాదాలు కనిపిస్తాయి. పసుపు రాసిన పాదాలు, ఒక వేలికి మట్టె కొంచెం వదులు. ఇన్నాళ్ళూ పదకొండు మందిలో ఒక్కరి పాదాలూ చూడలేదని అప్పుడు గమనించాడు.

రాబిన్ పొడుగు. వినోదు పొట్టి. పాడె వినోదు వైపు ఒరిగిపోయింది.

"మోకాలు వంచి నడు దాదా!" అన్నాడు వినోదు.

"వంచే నడుస్తున్నాను. నువ్వు కాస్త ఎదుగు."

"ఇప్పుడేటి ఎదుగుతాను, ముప్పై రెండొచ్చినాయి."

"నోళ్ళు మూసి నడండిరా," అన్నాడు రత్నం, వెనక్కి తిరక్కుండానే.

రైల్వే గేటు దగ్గరికి వచ్చేసరికి గేటు పడిపోయింది. గూడ్సు బండి. ఒకటే బొగ్గు పెట్టెలు, నెమ్మదిగా. శవాన్ని దింపేది గేటు అవతల, ఊరి చివర. అక్కడ దించి, చెవిలో మూడుసార్లు పేరు పెట్టి పిలిచాక మళ్ళీ ఎత్తుతారు. ఆ చోటు రాకుండా దించకూడదు. ఎండలో, భుజాల మీద బరువుతో నలుగురూ నిలబడ్డారు. ఎప్పుడైనా ఇలా ఆగితే పక్కవాళ్ళు వచ్చి భుజం మారుస్తారు. ఇవాళ మార్చడానికి ఎవరూ లేరు, గోవిందరావు తప్ప. రాబిన్ మోకాలు వంచి నిలబడి వణుకుతున్నాడు. తెల్ల చొక్కా వీపుకి అంటుకుపోయింది. మెడ మీద వెదురు ఒరుసుకుని ఎర్రబడింది.

బుచ్చిబాబు వెనక్కి తిరిగాడు. బండి చప్పుడులో గట్టిగా అరవాల్సి వచ్చింది.

"బావా! ఆ రాబిన్‌ది అందుకో! పాపం, పడిపోయేలా ఉన్నాడు. ఆడమనిషి ఏదో అంది! నేను సెప్తన్నాను గదా!"

గోవిందరావు చెయ్యి తెలియకుండానే భుజం దాకా వెళ్ళింది. ముప్పై ఏళ్ళ అలవాటు. పట్టేస్తే అయిపోతుంది. అందరూ హమ్మయ్య అనుకుంటారు. రాబిన్‌కి మేలు. నియమం నిలబడుతుంది. శ్యామలకి ఎలా తెలుస్తుంది?

చెయ్యి దించేశాడు.

"సెప్పింది నీ గురించి కాదు," అని అరిచాడు. "నా గురించి సెప్పింది. నేను పట్టను."

"రాయి!" అన్నాడు బుచ్చిబాబు. "రాయివి నువ్వు. అప్పుడూ ఇప్పుడూ."

గోవిందరావు ముందుకు నడిచి రాబిన్ పక్కకి వచ్చాడు. వెదురు ముట్టుకోలేదు. వాడి నడుము దగ్గర రెండు చేతులూ ఆనించి, గోడకి దన్ను పెట్టినట్టు నిలబడ్డాడు. "నా మీద వాలు," అన్నాడు. రాబిన్ వాలాడు. మనిషి బరువు, చెమట వాసన. ఇన్ని చావుల్లో బతికున్నవాడి బరువు మొయ్యడం ఇదే మొదలు. గూడ్సు బండి ఎంతకీ అయిపోలేదు. చివరి పెట్టె వెళ్ళి గేటు లేచేసరికి ఇద్దరూ చెమటతో తడిసి ముద్దయ్యారు.

శ్మశానంలో చితి అంటుకున్నాక అందరూ చెట్టు నీడకి వచ్చారు. గిరిబాబు తడి పంచెతో ఒక పక్కన నిలబడ్డాడు. గోవిందరావు వాడి దగ్గరికి వెళ్ళాడు.

"పొద్దున్న నువ్వు వచ్చినప్పుడు ఇంకా టైముంది. నేను కబురు పెట్టుండొచ్చు. పెట్టలేదు."

"తెలుసు మావయ్యా."

"తెలుసా?"

"నువ్వు మర్చిపోయే మనిషివి కావు గదా." గిరిబాబు మంట వైపు చూస్తూ అన్నాడు. "నేనూ సైరను వినే దాకా నిన్ను మళ్ళీ అడగలేదు. అడిగితే నువ్వు అమ్మ మీద ఏటైనా అంటావేమోనని భయమేసింది."

"అనేవాణ్ణే."

గిరిబాబు క్షమించానని అనలేదు. అంటే గోవిందరావుకి చిరాకేసి ఉండేది.

తిరిగి వచ్చేటప్పుడు రాబిన్ ఆగి చితి వైపు తిరిగి చూశాడు. రత్నం కేకేశాడు, "ఏయ్, ఎనక్కి సూడకూడదు!"

"ఆడికి ఆ నియమం లేదు," అన్నాడు గోవిందరావు. "సూడనీ."

రాబిన్ ఛాతీ మీద శిలువ గుర్తు వేసుకుని వచ్చి కలిశాడు. మెడ తడుముకుంటూ, "పన్నెండో రోజు భోజనం ఉంటదా మీకు?" అని అడిగాడు వినోదుని. ఉంటుందన్నాడు వినోదు. మటనా అని అడిగాడు రాబిన్. మటన్ ఉండదన్నాడు. అయితే మోసింది వేస్టే అన్నాడు రాబిన్. రత్నం కూడా నవ్వాడు.

సందు మొదట్లో కుళాయి దగ్గర అందరూ స్నానాలు చేసి విడిపోయారు. బుచ్చిబాబు కర్ర మీద వాలి గోవిందరావు కోసం ఆగాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. రైల్వే గేటు దగ్గర అన్న మాటకి ఏదో చెప్పుకోవాలని ఉంది, అంతకంటే పాత మాట కూడా.

"బావా, ఆ రోజు..."

"ఒద్దు."

"ఒక్కసారి ఇను. నాకప్పుడు..."

"ఇనను బుచ్చీ. ఇవాళ ఓపిక లేదు. రేపు కూడా ఉండదు." గోవిందరావు తడి తుండు పిండి భుజాన వేసుకున్నాడు. "సొక్కా తిరగేసుకున్నావు. ఇంటికెళ్ళి సరిగ్గా ఏసుకో. వచ్చేపోయేవాళ్ళుంటారు."

బుచ్చిబాబు వంగి తన చొక్కా చూసుకున్నాడు. గోవిందరావు ఆగకుండా నడిచాడు. బుచ్చిబాబుని చెప్పనివ్వకపోవడం సరైనదో, ఇది కూడా పన్నెండో వసూలేనో తేల్చుకోలేకపోయాడు. సందులో ఎండ మండిపోతోంది. నాలుగిళ్ళు నడిచేసరికి కాళ్ళు పీకాయి.